పచ్చదీపం

ఎర్రదీపం వెలగగానే ఇందుమతికి ఒళ్ళు మండింది. జావయంత్రం రోజూ నలుగురి వేళ్ళూ తాకించుకుని, ఎవరికి కావలసిన మందు వాళ్ళ గ్లాసులో కలిపిస్తుంది. ఇవాళ భర్త ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. ఉన్నవి ముగ్గురి వేళ్ళే. యంత్రం మొండికేసింది.

"ముగ్గురివి పెడితే నాలుగు గ్లాసులకి కుదరదే పిచ్చిదానా!" ఎదురు ఫ్లాటు దమయంతి గుమ్మంలోంచి నవ్వింది. "ఒక్కరిదే పెట్టు. దాన్నే అందరికీ సాగదీసుకుంటుంది. నిన్నే దొరికిందీ కిటుకు. ఇవాళ బ్లాకంతా ఇంతే."

"ఎవరిది పెట్టమంటారు పిన్నిగారూ?"

"ఇంటికి పెద్దాయన ఉన్నారుగా!"

మామగారు వేలు పెట్టగానే పచ్చదీపం వెలిగింది. నాలుగు గ్లాసులూ నిండాయి.

"అమ్మా, చేదు," అన్నాడు ఐదేళ్ళ నిషాంత్.

"వేషాలెయ్యకు. ముక్కు మూసుకుని తాగెయ్. బస్సొచ్చేస్తుంది."

వాడు ఏడుపు మొహంతోనే గ్లాసు ఖాళీ చేశాడు. వాణ్ణి తయారుచేసి, బస్సెక్కించి వచ్చి, ఇందుమతి తీరిగ్గా తన గ్లాసు నోటికెత్తింది. మొదటి గుక్కే చేదు విషం!

"ఇదేంటి మావయ్యా, ఇంత చేదు?"

"నా జావెప్పుడూ అంతేనమ్మా, గుండె మందుంటుందిగా," అన్నాడాయన. అంతలోనే ఆయన మొహం పాలిపోయింది. "నీ గ్లాసులోకి అదెలా వచ్చింది?"

ఇందుమతి గ్లాసు అక్కడే పడేసింది. ఒక్క అంగలో బాల్కనీలోకి వచ్చి కిందికి చూసింది.

బస్సు ఇంకా గేటు దాటలేదు. కిటికీల పక్కన బ్లాకులోని పిల్లలందరి తలలూ ఒకేలా వాలిపోయి ఉన్నాయి. డ్రైవరు సీట్ల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరినే భుజం పట్టి కుదుపుతున్నాడు.