ఖాళీ గళ్లు

“మూడో ఏడు ఎంతొస్తుంది?” అని అడిగాడు కృష్ణంరాజు.

“పడినంతండి,” అన్నాడు వాసు.

“పడినంతంటే?”

“ముందే చెప్పకూడదండి.”

రొయ్యల చెరువుల మీద కోట్లు గడించిన కృష్ణంరాజు కాగితాలు వెనక్కి తోసేశాడు. పెట్టుబడి కోసం వచ్చినవాడు రాబడి చెప్పనంటే ఎవరైనా చేసేది అదే. 2006లో వాసు ఎక్కిన గుమ్మాల్లో అది అయిదోది.

సరుకు మాత్రం మంచిదే. వేట ముగించుకుని ఒడ్డు దగ్గరపడుతున్న పడవకి, విశాఖలో, భీమిలిలో, పూడిమడకలో ఆ పూట చేపల ధర ఎంతుందో ఫోన్‌లో మెసేజ్ వస్తుంది. ధర బాగున్న రేవుకే పడవ తిప్పుకోవచ్చు. అప్పటికే నూట పది పడవలు నెలకు యాభై రూపాయల చొప్పున కడుతున్నాయి. ఖర్చు దానికి ఆరింతలు. ఇరవై లక్షలు దొరికితే కాకినాడ దాకా పాకించవచ్చు. దొరక్కపోతే నెలాఖరుకు మధురవాడలోని అద్దె గదికి తాళం. తండ్రి సూరన్న పోయాక మిగిలిన ఒక్క పడవనీ తల్లి గంగాలమ్మ అమ్మితేనే ఆ గది తెరుచుకుంది. అది మూతపడితే వాసు ఇంకొకరి పడవలోకి కూలికి ఎక్కాలి.

అతని కాగితాల్లో లేనిదంటూ లేదు. ఆఖరి పేజీలో మూడు గళ్లు మాత్రం ఖాళీ. మొదటి ఏడు, రెండో ఏడు, మూడో ఏడు రాబడి.

“ఏదోటి రాసి సావొచ్చు కదా బావా!” అన్నాడు వెంకటేష్, బస్సులో తిరిగొస్తూ. కంపెనీలో సగం వాటా అతనిది. విజయనగరం వైపు రైతు కొడుకు. “మా నాయిన నారు పొయ్యకముందే ఎకరాకి ఇన్ని బస్తాలని సెప్పి ఎరువుల కొట్లో అప్పు తెత్తాడు. అందులో సగం పండితే గొప్ప. ఆ సంగతి కొట్టోడికీ తెలుసు.”

“మీది నేల బావా. ఎక్కడికీ పోదు.”

“మీ సంద్రం ఏటి, రైలెక్కి పోతాదా?”

వాసు నవ్వలేదు. అతను పుట్టిన జాలరిపేటలో పడవ నీళ్లలోకి నెట్టేటప్పుడు, ఎన్ని చేపలు పడతాయని ఎవరూ అడగరు. ఎవరూ చెప్పరు. సంద్రాన్ని ముందే లెక్కగడితే అది ఊరుకోదని నమ్మకం. ఒకసారి పట్నం ఆసామి ఎవరో ఒడ్డున నిలబడి అడిగేశాడు. సూరన్న పడవలోంచి వల దింపేసి, వేటకి వెళ్లకుండా ఇంటికొచ్చేశాడు. ఆ రోజు పొయ్యి వెలగలేదు. గంగాలమ్మ పల్లెత్తు మాట అనలేదు.

ఆ వారమే ఫోనొచ్చింది. ఇనుము వ్యాపారంలో బాగా గడించిన శ్రీరామ్మూర్తి. “మీ గురించి విన్నాను. కాగితాలు తీసుకుని మీరొక్కరే రండి,” అన్నాడు, రేడియోలో వార్తలు చదివినంత శుద్ధంగా.

“ఈయనే ఆఖరోడు,” అన్నాడు వెంకటేష్. “ఈ పాలి గాని ఆ గళ్లు ఖాళీగా అట్టుకెళ్లావో, నాను ఉక్కునగరం పోయి పిల్లలకి ట్యూషన్లు సెప్పుకుంటాను.”

వెంకటేష్ చెబుతుంటే వాసు రాశాడు. నలభై లక్షలు. కోటీ అరవై. అయిదు కోట్లు. రాస్తున్నంతసేపూ ఆ చెయ్యి తనది కాదనిపించింది. ఆ రోజు తల్లి వడ్డించిన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

శ్రీరామ్మూర్తి మొదటి పేజీ చూడనేలేదు. నేరుగా ఆఖరి పేజీ తీశాడు. ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూశాడు.

“ఈ అంకెలు ఎవరు వేశారు?”

“నేనేనండి.”

“ఇంత వస్తుందని నమ్ముతున్నారా?”

“తప్పకుండా వస్తుందండి.”

ఆయన ఫైలు మూసి చేతికిచ్చేశాడు. “క్షమించండి. నేను పెట్టలేను.”

వాసు ఫైలు మళ్లీ తెరిచాడు. “తక్కువనిపిస్తే పెంచుతానండి,” అన్నాడు.

శ్రీరామ్మూర్తి జేబులోంచి ఒక కాగితం తీసి, అడ్డంగా చింపి, బుట్టలో పడేశాడు.

వాసు గుమ్మం దాటుతుంటే వెనక నుంచి శ్రీరామ్మూర్తి గొంతు అచ్చం జాలరిపేట యాసలో వినిపించింది: “మా అయ్య కూడా పడవెక్కినోడే, అయిదు సోట్ల డబ్బు సేజారినా అంకె సెప్పనోడు ఒకడున్నాడని ఇని, ఆడి కోసవే ఇరవై లచ్చలకి సెక్కు రాసుకొచ్చాన్రా నాయినా.”