బట్టీలో గాజు

సుభాష్ పోయిన రోజు బట్టీలో పెట్టిన గాజు ఇంకా బట్టీలోనే ఉంది.

"మామయ్యా, ఇవాళ తిరుత్తణి వెళ్ళి బట్టీ తెరిచి వస్తాను," అంది యశస్విని.

మామ వరదరాజులు వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"అవసరం లేదమ్మా," అన్నాడు.

భర్త సుభాష్ దినాలు కాకముందు అడిగినా అదే మాట. ఆ తరువాత అడిగినా అదే మాట. కోప్పడడు, కారణం చెప్పడు. షెడ్డు తాళంచెవి మాత్రం ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది.

తిరుత్తణిలోని ఆ అద్దె షెడ్డులో భార్యాభర్తలిద్దరూ గాజు కోస్టర్లు చేసేవారు. చదరంగా కోసిన అద్దం మీద రంగు గాజు ముక్కలు పేర్చి కరెంటు బట్టీలో పెడితే, కరిగి ఒకే బిళ్ళగా అతుక్కుంటాయి. రాత్రంతా చల్లారాక తలుపు తీయాలి. ఆ రోజు సుభాష్ ఒక్కడే కూర్చుని పేర్చాడు. ఆమెను చూడనివ్వలేదు. "రేపు తలుపు తీసినాక చూద్దువులే," అని స్విచ్ వేసి, బైకు మీద తిరువళ్ళూరు బయలుదేరాడు. దారిలో లారీ గుద్దింది.

ఆ సాయంత్రమే ఆమెను పాండూరులోని అత్తవారింటికి తీసుకొచ్చారు. పెళ్ళయి ఏడాది కాలేదు. ఒంగోలు నుంచి వచ్చిన పిల్ల. ఈ ఊళ్ళో ఎవరింటికి ఎవరు వెళ్ళినా వీధంతా తెలుస్తుంది. చెప్పకుండా గడప దాటే ధైర్యం ఆమెకు లేదు.

వంటింట్లో అత్త కుప్పమ్మ కాఫీ గ్లాసు మీద గాజు బిళ్ళ మూతపెట్టి అందించింది. నీలం మీద పసుపు చుక్కలు. సుభాష్ చేసిందే.

"అత్తయ్యా, అది గ్లాసు కింద పెట్టేది."

"కింద పెడితే నా కొడుకు చేసింది యాడ కనపడతాది? పైనుంటే ఈగలన్నా పడవు. తాగు."

యశస్విని తాగలేదు. "మామయ్య నన్నెందుకు పంపడం లేదు?"

"ఆయన ఒక మాటన్నాడంటే దానికొక లెక్క ఉంటాది పాపా. నేను అడ్డం పోను." కుప్పమ్మ కుడితి బకెట్టు ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. షెడ్డు యజమాని ధనకోటి.

"ఏమ్మా, మా అల్లుడు సెల్లు అంగడి పెడతాండాడు, షెడ్డు కావాలని ముందే చెప్పినా గదా. పాత ఇనుము కొనే గోపాలన్ బండి తెచ్చి నిలబెట్టినాడు. నా దగ్గర ఇంకో తాళంచెవి ఉండాది. నువ్వు వచ్చి తీసుకుంటావా, బట్టీ ఇచ్చేసేదా?"

యశస్విని కిటికీలోంచి చూసింది. మామగారు అలాగే కూర్చుని ఉన్నారు. ఆయన పక్కనుంచి తప్ప వీధిలోకి దారి లేదు.

"నేను రాలేను."

"మరి ఇచ్చేసేదా?"

బట్టీ తలుపు తీసి లోపలివి పక్కన పెట్టమని ధనకోటికి చెప్పవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. కానీ వాటిని మొదట చూడవలసింది తాను. తనను చూడనివ్వనివి ధనకోటి మాత్రం ఎందుకు చూడాలి?

"ఇచ్చెయ్యండి. తలుపు మాత్రం తీయొద్దనండి. ఉన్నది ఉన్నట్టు తీసుకుపొమ్మనండి."

మధ్యాహ్నం దాటాక ధనకోటి మళ్ళీ ఫోన్ చేశాడు. "పని అయిపాయ తల్లీ. బండి గుమ్మిడిపూండిలో ఇనుము కరిగించే మిల్లుకు చేరిందంట. నువ్వు చెప్పినట్టే తలుపు తీయలేదు. అట్లనే సమ్మెటతో అణగ్గొట్టి కుప్పలో పడేసినారంట."

"మంచిది," అంది.

సాయంత్రం వరదరాజులు ఉతికిన చొక్కా వేసుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"బయలుదేరమ్మా. తిరువాలంగాడులో రైలెక్కితే చీకటి పడేలోగా తిరుత్తణిలో ఉంటాము."

"ఎందుకు మామయ్యా?"

"బట్టీ తీసేదానికి. నిన్నటితో మాసికం కూడా అయిపాయ గదా. గాజు ఈ పాటికి బాగా ఆరిపోయుంటాది."

యశస్వినికి అర్థం కాలేదు. "మీరే కదా వద్దన్నారు?"

"నేనా? నేనెప్పుడు వద్దన్నా?"

"పొద్దున కూడా అడిగాను. అవసరం లేదన్నారు."

"అన్నా. ఇప్పుడూ అంటా. అవసరపడి తలుపు తీస్తే గాజు చిట్లిపోతాదని సుభాష్ ఎన్నిసార్లు చెప్పినాడు? వాడు కడసారి చేసింది. పగిలిపోకూడదని..."

పెరటి తలుపు దగ్గరినుంచి కుప్పమ్మ కసిరింది. "నీ మాట ఒంగోలు బిడ్డకు ఎట్ల తెలిసేది? ఇన్ని దినాలూ వద్దన్నావనే అనుకోనుంటాది. మా పక్క అవసరమంటే తొందర, పాపా. తొందరేం లేదు, నిదానంగా పోదామన్నాడు మీ మామ. పోనీలే, ఇప్పుడు ముఖం కడుక్కో. నేను కూడా వస్తా. నా బిడ్డ ఏం చేసిపెట్టినాడో నేనూ చూడాల."

వరదరాజులు చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. కుప్పమ్మ కొప్పు ముడుచుకుంటూ కోడలి కోసం నిలబడింది.

షెడ్డులో తెరవడానికి ఇప్పుడు ఏమీ లేదని యశస్విని వాళ్ళకు ఇంకా చెప్పలేదు.