మోచేతి మడత

కడుపుతో ఉన్న మనిషి తడి తలతో పడుకుంటే పుట్టే బిడ్డకు ఉబ్బసం వస్తుందా అని ఇరవై ఆరేళ్లుగా పూజలో దేవుణ్ణి అడుగుతున్నాను. వస్తుందని మా అమ్మ ఆనాడే తేల్చేసింది. కాదని నేను అనలేదు. అమ్మాయికి ఆయాసం వచ్చిన ప్రతిసారీ నా భార్య తల దించుకునేది.

ఇవాళ డాక్టరమ్మ చూస్తున్నది అమ్మాయిని కాదు, అయిదు నెలల మనవణ్ణి. వాడి మోచేతి మడతలో చర్మం ఎర్రగా కందింది.

"ఇంట్లో ఎవరికైనా ఆయాసం, అలర్జీ ఉన్నాయా?"

"మా అమ్మాయికి ఆయాసం. మా వంశంలో మాత్రం ఎవరికీ లేదండీ."

"మరి ఇందాకటి నుంచి మీరు గోక్కుంటున్నదేమిటి?"

చూసుకున్నాను. పొడుగు చేతుల చొక్కా మీంచి నా వేళ్లు మోచేతి మడతలోనే ఉన్నాయి.

"చిన్నప్పటి దురదండీ. దానికీ ఆయాసానికీ ఏం సంబంధం?"

"రెండూ తోబుట్టువులే. ఒంట్లో కాపలా కాసే రోగనిరోధక శక్తి, దొంగ లేకపోయినా ఉలిక్కిపడి మంట పెడుతుంది. ఆ గుణం చాలావరకు జన్యువుల ద్వారా దిగుతుంది. మీకు చర్మం మీద తేలింది, అమ్మాయికి ఊపిరితిత్తుల్లో."

"మరి వీడికి?" అంది అమ్మాయి.

"ఇప్పటికి చర్మమే. ముందుముందు ఆయాసం కూడా వస్తుందేమో కనిపెట్టి ఉండాలి."



మనవణ్ణి ఒళ్లో పెట్టుకున్న భార్య వైపు తిరిగాను. "నీ తడి తల వల్ల కాదే. ఆ మాట అప్పుడే అమ్మతో అనాల్సింది. నన్ను క్షమించు."

"ఇన్నాళ్లకు ఆరింది నా జుట్టు," అంది. నవ్వలేదు. మనవడి పిడికిలి మోచేతి మీదికి పోకుండా పట్టుకునే ఉంది.