మూసేసిన కమాన్లు

"మళ్లీ మన తలలు లెక్కపెడుతున్నాడు, చూడండి," అంది ఎవాంజెలిన్, పాటల పుస్తకం చాటు నుంచి.

ఆమె భర్త ఆమోసు వెనక్కి తిరిగాడు. చివరి బల్లలో రాబర్ట్ ఏదో రాసుకుంటున్నాడు. ఎనభై దాటిన ఐరిష్ పెద్దమనిషి. ఆ పాత పారిష్ చర్చి బాగోగులు చూసే వార్డెను ఆయనే, ప్రార్థనలు చదివేదీ ఆయనే. పొద్దున పదకొండింటికి ఐరిష్‌వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం రెండింటికి కాజిల్‌బార్ ఊళ్లోని తెలుగువాళ్లది.

"చర్చి కట్టడం గురించి చరిత్ర రాస్తున్నానన్నాడుగా!"

"గోడల చరిత్రకి నా పుట్టినతేదీ ఎందుకండీ? మన డెబోరాని ఇంటి అడ్రసు కూడా అడిగాడంట."

ఆరాధన కాగానే ఆమె నేరుగా ఆయన దగ్గరికెళ్లి, ఏం రాస్తున్నారని అడిగింది. రాబర్ట్ ఉత్సాహంగా ఉత్తరపు గోడ చూపించాడు. సున్నం కింద మూడు పెద్ద కమాన్లు, రాళ్లు పేర్చి మూసేసినవి.

"వీటి అవతల ఇంకో వరస బల్లలుండేవి. ఊళ్లో పటాలం ఉన్న రోజుల్లో జనం పట్టక కట్టారు."

"మరెందుకు మూసేశారు?"

ఆయన గోడ నుంచి చూపు తిప్పుకున్నాడు. "చలికి," అన్నాడు.

"పొద్దున మీవాళ్లు బాగా వచ్చారా?"

"గ్రాండ్!" అని తాళంచెవులు తీసుకుని వెళ్లిపోయాడు.

శనివారం చర్చి ఊడ్చే వంతు ఎవాంజెలిన్‌ది. పక్కగదిలో బల్ల మీద పెద్ద రిజిస్టరు తెరిచి ఉంది. పైన 'పారిష్ సభ్యులు' అని ఉంది. కింద రాబర్ట్ చేతిరాతలో ఆమె పేరు, ఆమోసు పేరు, వాళ్ల పసిబిడ్డ అబిగేయిల్ పేరు కూడా. ఆ పేజీ నిండా తెలుగువాళ్లే. పక్కన బిషప్ ఆఫీసుకి వెళ్లాల్సిన కవరు. ఆమె చీపురు అక్కడే వదిలేసింది.

"మనల్ని వాళ్ల లెక్కలో కలిపేసుకుంటున్నాడండీ," అంది ఇంటికొచ్చి. "రేపట్నుంచి తెలుగు పాటలు వద్దంటారు, మన పాస్టరుగారు వద్దంటారు. ఇప్పటికే రెండు అద్దె హాళ్లు ఖాళీ చేయించారు. ఇదీ పోతే ఎక్కడికెళ్తాం?"

"నిదానంగా అడుగుదాంలే."

"నిదానం లేదు. వాళ్లవాళ్లందరి ముందే అడుగుతా."

ఆదివారం పదకొండింటికి చర్చి వసారాలో రాబర్ట్ గంట తాడు లాగుతున్నాడు. లోపలి తలుపు వేసి ఉంది.

"మమ్మల్ని అడక్కుండా మా పేర్లెందుకు రాశారు?" అంది ఎవాంజెలిన్.

ఆయన తాడు వదిలేశాడు. "అడగాల్సింది. తప్పు నాదే. కాదంటారేమోనని భయపడ్డాను. ఈ జాబితా వెళ్లకపోతే, సభ్యులు చాలరని ఈస్టర్ తర్వాత చర్చి మూసేస్తారు."

"జాబితా కావాలంటే మీవాళ్ల పేర్లు రాసుకోండి!"

"రాశాను. నా ఒక్కడి పేరే," అంటూ రాబర్ట్ లోపలి తలుపు తోశాడు.

బల్లలన్నీ ఖాళీ.