బెంచీ మీద రెండో డబ్బా

ఒక అన్నం డబ్బా తగ్గింది.

అదీ ముఖ్య అతిథికి పెట్టాల్సింది.

"సరిగ్గా చూడు డెక్లన్," అంది హెలెనా.

"చూడ్డానికేముంది? బల్ల ఖాళీ. కావాలంటే ఆ బల్లే వడ్డిద్దాం."

హెలెనాకి నవ్వు రాలేదు.

కాన్‌బెర్రాలోని ఆ విశ్వవిద్యాలయంలో, చైనా ఎదుగుదల మీదా ప్రపంచంలో దాని పాత్ర మీదా ఏటా ఏప్రిల్ మొదట్లో ఒక సదస్సు జరుగుతుంది. పెద్దల చెయ్యి లేదు, నడిపేదంతా విద్యార్థులే. ఈ ఏడు ఆ బరువు హెలెనా క్వాన్ నెత్తిన పడింది, సాయానికి డెక్లన్.

వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈసారి కూడా తేలిపోతే ఇక హాలు ఇచ్చేది లేదని శాఖవాళ్ళు ముందే చెప్పేశారు. అందుకే నెలల తరబడి బతిమాలి డాక్టర్ రువాన్ సురోంగ్‌ని సింగపూర్ నుంచి రప్పించింది. ఆవిడా ఒకప్పుడు ఇక్కడ చదువుకున్న మనిషే. ఆవిడ ఒక మంచి మాట చెబితే సదస్సు బతుకుతుంది.

ఆవిడ పొద్దున దిగి, నేరుగా వేదికెక్కి, పసిఫిక్ దీవుల్లో చైనా కడుతున్న రేవుల గురించి మాట్లాడింది. మధ్యాహ్నం మళ్ళీ చర్చలో కూర్చోవాలి. నడుమ పస్తు పెడితే ఎలా?

"ఒకటి ఎక్కడికి పోయింది మరి?"

"వెనక వరస తాతగారు రెండు పట్టుకెళ్ళాడు," అన్నాడు డెక్లన్. "పోయినేడూ అంతే. మన సీనియర్లు ఆయనకి భోజనాల మావయ్య అని పేరు పెట్టారు."

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"ఆ వయసు మనిషి చేతిలోంచి ఎలా లాక్కోను? నువ్వు లాక్కో, నేను చూస్తాను."

ఆయన్ని హెలెనా పొద్దునే గమనించింది. చివరి వరసలో కూర్చుని, పక్క కుర్చీ మీద కోటు పరిచాడు. తియ్యమందామనుకుంది గానీ, సగం హాలు ఖాళీగానే ఉంది కదా అని ఊరుకుంది.

హాలు వెనక ఎల్మ్ చెట్టు పసుపుపచ్చగా ఆకులు రాలుస్తోంది. కింద బెంచీ మీద ఆయన ఒక్కడే ఉన్నాడు. ఒక డబ్బా ఒళ్ళో ఉంది. రెండోది పక్కన, మూత తీసి ఉంది. దాని అన్నంలో చాప్‌స్టిక్స్ రెండూ నిలువుగా గుచ్చి ఉన్నాయి. దగ్గరికి వస్తున్న మ్యాగ్‌పై పిట్టని ఆయన టోపీతో తోలుతున్నాడు.

"అంకుల్, ఆ డబ్బా ఎవరిది?"

"మావాడిది."

హెలెనా చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"అతను వచ్చేసరికి చల్లారిపోతుంది కదా?"

"చల్లారినా ఏమనడు."

"అది కాదంకుల్. మనిషికి ఒక్కటే లెక్క. మా అతిథికి తిండి లేకుండా పోయింది. మీవాడు వస్తే నేనే బయట ఏదైనా కొనిపెడతాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అతిథికి లేదా? అయ్యో, తీసుకెళ్ళమ్మా, తీసుకెళ్ళు. అతిథిని పస్తు పెడితే మావాడు ఊరుకోడు."

హెలెనా వంగి, అన్నంలోంచి పుల్లలు లాగేసింది.

"ఇలా నిలబెట్టకూడదంకుల్. చిన్నప్పుడు మా నానమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. అశుభమట."

ఆపబోతున్నట్టు ఆయన చెయ్యి కొంచెం లేచింది. మళ్ళీ ఒళ్ళోకి దిగింది.

"ఎందుకో చెప్పలేదా మీ నానమ్మ?"

"లేదు. కొట్టింది, అంతే."

"మంచి పని చేసింది," అని ఆయన నవ్వాడు. మూత పెట్టి, డబ్బాని రెండు చేతులతో అందించాడు. "నువ్వు తిన్నావా అమ్మాయ్?"

పొద్దున్నుంచి ఆ మాట ఎవరూ అడగలేదు.

"తరవాత తింటానంకుల్."

ఆయన జేబులోంచి ఒక కమలాపండు తీసి ఆమె చేతిలో పెట్టాడు. తొందరలో హెలెనా థాంక్స్ చెప్పడం కూడా మరిచి పరిగెత్తింది.

డాక్టర్ రువాన్ ఆకలి మీద ఉంది. గబగబా మూత తీసింది. అన్నం మధ్య పక్కపక్కనే రెండు చిల్లులు కనిపించాయి.

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఈ డబ్బా ఎక్కడిది?"

హెలెనా మొహం ఎర్రబడింది. "ఎవరూ ముట్టుకోలేదు మేడమ్, నిజం. ఎవరో పెద్దాయన రెండు తీసుకెళ్తే ఒకటి తెచ్చాను. పుల్లలు గుచ్చి పెట్టాడు. చిన్నప్పుడు అలా గుచ్చితే మా నానమ్మ కొట్టింది, అందుకే నేనే తీసేశాను."

"తాంగ్ బాబాయ్!" ఆవిడ డబ్బా చేత్తో పట్టుకునే లేచి నిలబడింది. "ఇంకా వస్తున్నాడా? ఎక్కడున్నాడు?"

ఇద్దరూ హాలు వెనక్కి పరుగున వెళ్ళారు.

బెంచీ మీద ఎవరూ లేరు.

ఆయన తన కోసం ఉంచుకున్న డబ్బా ఇప్పుడు రెండోది ఉన్న చోట ఉంది. మూత తీసి ఉంది. ఒక్క మెతుకూ కదల్లేదు. పుల్లలు రెండూ నిలువుగా గుచ్చి ఉన్నాయి.

హెలెనా రోడ్డు దాకా వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చింది. తోలేవాళ్ళు లేకపోయినా మ్యాగ్‌పై మాత్రం దూరంగానే ఉంది.

"పోయినవాళ్ళకి అన్నం పెట్టి అలా గుచ్చుతారమ్మా," అంది డాక్టర్ రువాన్. "అందుకే మీ నానమ్మ కొట్టింది."

హెలెనా చేతిలో కమలాపండు ఇంకా అలాగే ఉంది.

"ఎవరికి పెట్టాడు మేడమ్?"

"మా క్లాసులో యీమింగ్ అని ఒకడుండేవాడు. ఈ సదస్సు ఆలోచన వాడిదే. గది గదికీ తిరిగి మమ్మల్నందర్నీ పోగుచేసింది వాడే. తీరా మొదటి సదస్సు వారంలో ఉందనగా పోయాడు," అంటూ ఆవిడ తన చేతిలోని డబ్బాని బెంచీ మీది డబ్బా పక్కనే పెట్టింది. "ఆయన వాడి నాన్న."