ఆరు గంటల పస్తు

"ఈరోజు స్కాన్ కుదరదమ్మా. షుగర్ రెండువందల అరవై ఎనిమిది ఉంది," అంది డాక్టర్ నాగశ్రీ. "స్కాన్‌కి ఆరు గంటల ముందు నుంచీ ఏమీ తినకూడదని చెప్పాం కదా. మీ ఆయన ఏం తిన్నాడు?"

కాసమ్మ కుర్చీలోంచి లేచింది. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు మార్కండి నుంచి బరంపురం ఆసుపత్రి దాకా మొగుడి చెయ్యి వదలకుండా తీసుకొచ్చిన మనిషి ఆమె.

"ఏటీ తినలేదు డాక్టరమ్మా. మూడు వారాలయ్యింది మా ఇంట్లో పంచదార ఎత్తేసి. అన్నం కూడా గుప్పెడే పెడతన్నాను."

"గుప్పెడా? ఎందుకు?"

"కేన్సరు పంచదార తింటాదంట కదా. ఎర ఎయ్యకపోతే సేప రాదు."

పైడన్న గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది.

"అది సగమే నిజం," అంది నాగశ్రీ. "మేమిచ్చే ఇంజెక్షన్ కూడా ఒకరకం చక్కెరే. జబ్బు కణాలు దాన్ని ఆబగా లాక్కుంటాయి, స్కాన్‌లో మెరుస్తాయి. ముందే తీపి తిని వస్తే కండలు కూడా లాక్కుంటాయి. జబ్బు సరిగ్గా కనపడదు. పస్తు అందుకు. మనిషిని మాడిస్తే జబ్బు మాడదమ్మా."

"మరి దానికి తిండెక్కడిది?"

"కణాల లోపల చిన్న చిన్న పొయ్యిలుంటాయి. మైటోకాండ్రియా అంటారు. చక్కెర తగ్గితే జబ్బు ఆ పొయ్యిల్లో కొవ్వు కాలుస్తుంది, కండ కరిగితే అదీ కాలుస్తుంది. పొయ్యి ఆరదు, కట్టెలు మారతాయంతే. ఎర లేకపోతే వలనే కొరికి తినే చేప ఇది."

కాసమ్మ మొగుడి భుజాల వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

"మళ్లీ ఎప్పుడు తీత్తారు?"

"తొమ్మిదో రోజున ఖాళీ ఉంది. అది చూస్తేగానీ ఆపరేషనో, మందులో తేల్చలేరు."

"తొమ్మిది రోజులా? ఈలోపు అది పాకిపోతే?"

కాసమ్మ మొగుడి మీదికి తిరిగింది.

"సెప్పు. ఏటి తిన్నావు?"

పైడన్న నేల చూపులు చూశాడు. "జిలేబీ. దారిలో బస్సు మారిన కాడ."

"ఎప్పుడు? నీ సెయ్యి నా సేతిలోనే ఉంది కదా."

"నువ్వు టిక్కెట్టు తీసినప్పుడు."

"ఎన్ని?"

"రెండు." ఆమె ముఖం చూసి మార్చాడు. "నాలుగు."

"నాలుగు. మనవలున్నోడివి, దొంగతిండి తింతావా? నీ పేనం కోసం నేను నా నోరు కూడా కట్టుకుంటే..." ఆమె జారిపోతున్న అతని చొక్కాను భుజం మీదికి లాగింది. "రేపు నువ్వు పోతే ఆ జిలేబీలోడొత్తాడా నా గుమ్మంలోకి?"

"తప్పయిపోనాది. తిట్టు కాసీ, బాగా తిట్టు," అన్నాడు పైడన్న. అతని ముఖంలో పెద్ద బరువేదో దింపుకున్న నెమ్మది ఉంది.

నాగశ్రీ కొత్త తేదీ రాసి కాగితం చేతికిచ్చింది. "ఈలోగా కడుపు నిండా పెట్టండి. ఆ పొద్దున మాత్రం ఉత్త మంచినీళ్లే."

"పద ఎల్దాం. బస్సు ఎల్లిపోద్ది," పైడన్న గబుక్కున లేచి, ఆమెను ఇంకో మాట మాట్లాడనివ్వకుండా పెళ్లాం చెయ్యి లాగాడు.

"ఉండెహే," కాసమ్మ విదిలించుకుంది. "నువ్వేటీ బెంగెట్టుకోకు డాక్టరమ్మా. ఈసారి జిలేబీ కొట్టు ఛాయలకి కూడా పోనివ్వను. ఇయ్యాల లాగే గడప కాడ పెద్ద గలాసుడు బెల్లం పానకం తాగించి, తిన్నగా నీ కాడికే తీసుకొత్తాను. అది తిండి కాదు కదమ్మా, సముద్రం మీదికి ఏటకెల్లే మొగోడు మళ్లీ ఇంటికి రావాలని ఇచ్చేది."