గుమ్మడిపాదు కింద

మా ఇంట్లో నేను హీటర్లు బాగుచేసే పిల్లననుకుంటారు. జర్మనీలోని డూయిస్‌బుర్గ్ ఉక్కు కార్ఖానాలో వృథాగా పోయే వేడిని ఊళ్లోని ఇళ్లకు చేర్చే గొట్టాలకు దారి గీయడం నా ఉద్యోగం. ఎన్నిసార్లు చెప్పినా అమ్మ "వచ్చేటప్పుడు పానా పట్టుకురా" అంటుంది.

మొన్న ఆదివారం నాన్న కాఫీ పక్కనపెట్టి నా మ్యాపు ముందు కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు ఆ కార్ఖానా కొలిమి దగ్గర మాడిన మనిషికి మిగిలింది చిన్న అద్దె తోట. మొదట గీసిన దారి ప్రకారం గొట్టం దాని మధ్యనుంచే పోవాలి. నేనే ఎవరికీ చెప్పకుండా గీతను పక్క తోటలోకి జరిపాను.

"స్వెన్యా, ఇది డెట్‌లెఫ్ తోటలోకి ఎందుకెళ్లింది?"

"నీ తోట తవ్వకూడదని, నాన్నా."

"నిన్నెవరడిగారే? మూడేళ్లుగా గుమ్మడికాయల పోటీలో వాడే గెలుస్తున్నాడు. ఇప్పుడు వాడి పాదు కింద వేడి కూడా పెడతావా?"

"తవ్వితే నీ పాదులన్నీ పోతాయి."

"ఒక్క ఏడాది పోతాయి. ఆ తర్వాత మంచులో కూడా నేల వెచ్చగా ఉంటుంది. అసలు నువ్వు నా కూతురివా, వాడి కూతురివా?"

సోమవారం గీతను మళ్లీ నాన్న తోటలోకే తెచ్చాను. దగ్గరి దారి అదే.

గొట్టం చుట్టూ వేడిని బయటికి పోనివ్వని పొర బెత్తెడు మందాన ఉంటుంది. నాన్న పాదుకు గోరంత వెచ్చదనం కూడా తగలదు.

ఆ సంగతి నేను చెప్పను.